గోడను రాసుకుంటూ పోయే ఎండ: హైదరాబాద్‌లో టెక్స్చర్ ఫొటోలు తీయడానికి సమగ్ర మార్గదర్శి

లాల్‌దర్వాజా దగ్గర ఒక సందులో తూర్పు ముఖంగా పాత గోడ ఒకటి ఉంది. సున్నం పెచ్చులు పెచ్చులుగా లేచి, ఒక రంగు కింద ఇంకో రంగు కనిపిస్తుంది. ఫొటోలకి పొద్దుటి ఎండే మంచిదని అందరూ చెప్తారు కదా అని వరసగా మూడు ఆదివారాలు ఏడు గంటలకల్లా అక్కడికి వెళ్లాను. ఎండ బంగారంలా ఉంది, రంగులు బాగున్నాయి. కానీ ఫొటోలో గోడ మాత్రం రంగు పూసిన అట్టముక్కలా చదునుగా వచ్చింది. మూడో ఆదివారం చాయ్ తాగి, చార్మినార్ వైపు వేరే పని చూసుకుని, పదకొండున్నరకి అదే సందులోంచి వెనక్కి వస్తున్నాను. పొద్దున గోడకి ఎదురుగా కొట్టిన ఎండ ఇప్పుడు దాన్ని రాసుకుంటూ పైనుంచి కిందికి జారుతోంది. లేచిన ప్రతి పెచ్చు కిందా సన్నటి నల్లని నీడ. గోడంతా చేప పొలుసుల్లా లేచి నిలబడింది.

ఆ ఇంటి పెద్దావిడ బయటికొచ్చి "ఆ గోడకేమున్నది బిడ్డా, ఫొటో తీస్తున్నవ్?" అని అడిగింది. కెమెరాలో తీసింది చూపించాను. కళ్లద్దాలు సర్దుకుని ఆమే పొరలు చదివి చెప్పింది: "ఈ నీలం మా మామ ఉన్నప్పటిది. ఈ పచ్చది నా పెండ్లికి ఏసిండ్రు." ఏడు గంటలకి తీసిన ఫొటోల్లో ఆ నీలానికీ పచ్చకీ మధ్య అంచే లేదు, రెండూ ఒకే మరకలా ఉన్నాయి.

టైం ఎంతయింది అని చూడటం మానేసి, ఎండ ఈ గోడకి ఎంత ఏటవాలుగా తగులుతోంది అని చూడటం మొదలుపెట్టాక నా ఫొటోలు మారాయి. ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం దాని గురించే ఉంటుంది. కెమెరా సంగతి తర్వాత.

మొదటి మెట్టు: ముందు చేత్తో తడమండి

టెక్స్చర్ అంటే చేత్తో తడిమితే తెలిసేది: గరుకు, నునుపు, పొలుసు, బీట, పీచు. ఫొటోకి చెయ్యి లేదు కాబట్టి ఆ పనంతా నీడలు చెయ్యాలి. అందుకే కెమెరా తీసేముందు ముట్టుకోదగ్గ చోట ముట్టుకుని, ఎత్తుపల్లాలు ఎంతున్నాయో తెలుసుకోండి. గోనెసంచి పీచు అర మిల్లీమీటరు లేస్తుంది. రాతి మీద ఉలి దెబ్బ అంతకంటే చాలా లోతుగా ఉంటుంది. ఈ రెండింటికీ ఒకే వెలుతురు సరిపోదు. ఎత్తుపల్లాలు ఎంత చిన్నవైతే ఎండ అంత ఏటవాలుగా ఉండాలి. పెద్దవైతే కొంచెం నిటారు ఎండ కూడా పనిచేస్తుంది.

పాత కట్టడాల్లో గచ్చుపని (సున్నంతో చేసిన నగిషీ), రంగుపెంకులు మాత్రం ముట్టుకోకండి. చేతి చెమట, నూనె వాటికి చేటు. అక్కడ కళ్లతోనే తడమాలి.

రెండో మెట్టు: అగ్గిపుల్లతో కోణం చూడండి

దీనికి పరికరం అక్కర్లేదు. ఒక అగ్గిపుల్లని గోడకి నిటారుగా, మేకు కొట్టినట్టు ఆనించి పట్టుకోండి. దాని నీడ గోడ మీద ఎంత పొడవు పడిందో చూడండి. నీడ పుల్లంత పొడవే ఉంటే ఎండ 45 డిగ్రీల కోణంలో వస్తున్నట్టు. సున్నపు గోడలకీ, గుడ్డలకీ అది చాలదు. నీడ పుల్లకి మూడు నాలుగు రెట్లు ఉంటే కోణం 14 నుంచి 18 డిగ్రీల మధ్య ఉన్నట్టు. నేను వెతికేది ఇదే. ఒక మిల్లీమీటరు లేచిన ఇసుక రవ్వ నాలుగు మిల్లీమీటర్ల నీడ వేస్తుంది, ఫొటోలో అది చక్కగా కనిపిస్తుంది. నీడ ఆరు రెట్లకి చేరిందంటే కోణం 10 డిగ్రీలకి దిగింది. అప్పుడు సన్నటి గరుకు అద్భుతంగా వస్తుంది కానీ, లోతైన గుంటలు నల్లగా పూడుకుపోతాయి. పుల్లకి నీడే స్పష్టంగా లేదంటే మబ్బు పట్టిందని, లేదా మీరు నీడలో నిలబడ్డారని. ఆ రోజు ఎత్తుపల్లాలు వదిలేసి రంగులున్న వస్తువులు వెతుక్కోండి.

మూడో మెట్టు: గోడ ఎటు చూస్తోందో దాన్ని బట్టి టైం

ఫోన్‌లో దిక్సూచి తెరిచి గోడ ముఖం ఎటుందో చూసుకోండి. హైదరాబాద్ సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మనకి సూర్యుడు ఆకాశంలో అన్నిటికంటే ఎత్తుకి వచ్చే టైం (నేను నడిమధ్యాహ్నం అనేది దీన్నే) ఏడాది పొడవునా మధ్యాహ్నం 12కీ 12:30కీ మధ్య మారుతుంటుంది. కింద చెప్పిన లెక్క దీన్నిబట్టే.

తూర్పు గోడకి పొద్దున ఎండ ఎదురుగా కొడుతుంది, నేను మూడు వారాలు చేసిన పొరపాటు అదే. దానికి ఏటవాలు ఎండ వచ్చేది నడిమధ్యాహ్నానికి గంట ముందు, అంటే దాదాపు 11:15 నుంచి. సూర్యుడు గంటకి 15 డిగ్రీలు కదులుతాడు కాబట్టి గంట ముందు కోణం సుమారు 15 డిగ్రీలు ఉంటుంది. అరగంట ముందు అది 7 డిగ్రీలకి వచ్చేస్తుంది, తర్వాత గోడ నీడలోకి పోతుంది. అంటే మంచి వెలుతురు ఉండేది ఒక అరగంట, నలభై నిమిషాలే. ఏ నెలలో చూసినా దాదాపు ఇంతే. పడమటి గోడకి ఇదే లెక్క అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది: 12:45 నుంచి 1:15 దాకా. అందరూ మధ్యాహ్నం ఎండ ఫొటోలకి పనికిరాదని కెమెరాలు సర్దుకునే టైం అది.

దక్షిణపు గోడకి మార్చి నుంచి ఏప్రిల్ మధ్య దాకా, మళ్లీ ఆగస్టు చివరి నుంచి అక్టోబర్ మొదటి వారం దాకా నడిమధ్యాహ్నం బాగుంటుంది. డిసెంబర్‌లో సూర్యుడు దక్షిణానికి బాగా వాలిపోయి 40 డిగ్రీల కోణంలో ఎదురుగా కొడతాడు. ఉత్తరపు గోడకి ఏడాదిలో ఎక్కువ రోజులు మధ్యాహ్నం ఎండే తగలదు. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం లోపు మాత్రం సూర్యుడు మన నెత్తి దాటి ఉత్తరం వైపు వెళ్తాడు. ఆ రోజుల్లో, ముఖ్యంగా జూన్ ముందు వెనకల్లో, మబ్బు లేని మధ్యాహ్నం దొరికితే వదలకండి.

ఇంకో చిన్న విషయం పెద్ద తేడా తెస్తుంది. నడిమధ్యాహ్నపు ఎండకి సజ్జ అడ్డం. పైన అడుగు సజ్జ ఉన్నా దాని నీడ గోడలో చాలా భాగాన్ని కమ్మేస్తుంది. అందుకే ఈ లెక్కకి ప్రహరీలు, కోట గోడలు, సజ్జ లేని పక్కగోడలు ఎంచుకోండి.

నేల, మెట్లు, గుట్ట మీది బండల పైభాగం లాంటి వాటికి మాత్రం అందరూ చెప్పేదే నిజం: పొద్దు పొడిచాక మొదటి గంట, పొద్దుగూకే ముందు చివరి గంట. అక్కడ ఎండ నేలను రాసుకుంటూ పోతుంది.

నాలుగో మెట్టు: ఇంట్లో జొన్నరొట్టెతో సాధన

ఎండ కోసం ఎదురుచూడకుండా ఒక్క సాయంత్రంలో కోణం ఏం చేస్తుందో కళ్లారా చూడొచ్చు. చేత్తో కొట్టిన జొన్నరొట్టె ఒకటి తీసుకోండి. గది తలుపులు, లైట్లు మూసేసి, రొట్టెని నల్లటి పళ్లెంలో పెట్టి, టార్చి లైటుని పైనుంచి కొట్టండి. గుండ్రటి తెల్లటి బిళ్ల కనిపిస్తుంది, అంతే. ఇప్పుడు టార్చిని మెల్లగా కిందికి దించుతూ, రొట్టెకి అడుగు దూరంలో, మూడు అంగుళాల ఎత్తుకి తీసుకురండి. కోణం 14 డిగ్రీలు అవుతుంది. రొట్టె కొట్టిన వేళ్ల ముద్రలు ఒక్కొక్కటే పైకి లేస్తాయి. పొంగిన చోట బుడగ, మాడిన చుక్క, అంచున పగిలిన పిండి, అన్నీ విడివిడిగా కనిపిస్తాయి. మా అమ్మ చేసిన రొట్టె మీద ఆమె వేళ్ల ముద్రలు ఎడమ నుంచి కుడికి తిరిగి ఉంటాయని నాకు అలా చూసేదాకా తెలియదు.

నీడలు మరీ నల్లగా ఉంటే టార్చికి ఎదురు వైపు ఒక తెల్ల కాగితం నిలబెట్టండి. దాన్ని దగ్గరికి, దూరంగా జరుపుతూ నీడ ఎంత తేలిక పడుతుందో చూడండి. అప్పడం, గోనెసంచి, రోలు, కొబ్బరి పీచు, వీటన్నిటితో ఒక వారం ఇలా చేస్తే, బయట గోడ చూడగానే దాని వెలుతురు ఏ టైంకి వస్తుందో మీకే తడుతుంది.

ఐదో మెట్టు: ఫోన్ అయినా, కెమెరా అయినా

ఫోన్‌తో తీసేవాళ్లు మెయిన్ లెన్సే వాడండి. అల్ట్రావైడ్‌తో అంచులు సాగిపోతాయి, వివరాలు కరిగిపోతాయి. చాలా ఫోన్లు దగ్గరికి వెళ్లగానే వాటంతటవే అల్ట్రావైడ్‌కి మారి మాక్రో (అతి దగ్గరి ఫొటో) అంటాయి. సెట్టింగ్స్‌లో అది ఆపేసి, కొంచెం వెనక్కి జరిగి 2ఎక్స్‌లో తీస్తే చాలాసార్లు మెరుగ్గా వస్తుంది. ఫోకస్ కావలసిన చోట వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, ఎక్స్‌పోజర్ (ఫొటో ఎంత వెలుతురుగా రావాలన్నది) రెండూ లాక్ అవుతాయి. ఫోన్ ఫొటోల్లో గరుకుదనాన్ని చంపేది ఎక్కువగా లోపల జరిగే నున్న చేసే ప్రక్రియ. వెలుతురు తక్కువైతే నాయిజ్ (ఫొటోలో వచ్చే చుక్కలు) తీసేస్తూ రాయిని మైనంలా మార్చేస్తుంది. అందుకే మంచి వెలుతురులో తీయండి, వీలుంటే రా ఫైల్‌గా (ఫోన్ ఇంకా నున్న చేయని ఫైలు) తీయండి, సీన్‌ని గుర్తుపట్టి రంగులు మార్చే ఏఐ మోడ్ ఆపేయండి.

కెమెరాతో అయితే ఎఫ్8, ఎఫ్11 దగ్గర మొదలుపెట్టండి (ఇవి లెన్సు రంధ్రం సైజులు, అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది). ఎఫ్16 దాటాక కాంతి చెదరడం వల్ల పదును తగ్గడం కనిపిస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా మీద 50 ఎంఎం లెన్సుతో మీటరు దూరం నుంచి ఎఫ్8లో తీస్తే సుమారు 18 సెంటీమీటర్ల లోతు ఫోకస్‌లో ఉంటుంది, గోడకి అది ఎక్కువే. అదే మాక్రో లెన్సుతో వస్తువుని అసలు సైజులో తీస్తే ఎఫ్8లో కూడా దక్కేది సుమారు ఒక మిల్లీమీటరు. ఉలి దెబ్బ అంచు ఫోకస్‌లో ఉంటే అడుగు ఉండదు. అంత దగ్గరికి వెళ్లినప్పుడు ఏది పదునుగా ఉండాలో ముందే తేల్చుకోవాలి.

కెమెరా వెనకభాగం గోడకి సమాంతరంగా ఉండేలా పట్టుకోండి. చదునైన గోడ ఫొటోలో ఒక పక్క పదునుగా, ఇంకో పక్క మసగ్గా వచ్చిందంటే చాలాసార్లు కారణం లెన్సు కాదు, మీరు వంకరగా నిలబడటం. గ్రిడ్ గీతలు ఆన్ చేసి రాతి వరసలతో కలపండి. చేత్తో పట్టి తీస్తే షటర్ స్పీడు సెకనులో 1/125 వంతు కంటే నెమ్మదించనివ్వకండి, బాగా దగ్గరగా తీస్తుంటే 1/250.

ఎక్స్‌పోజర్ విషయంలో మన గోడలు రెండు రకాలుగా మోసం చేస్తాయి. ఏటవాలు ఎండలో లేచిన అంచులు ఒక్కసారిగా తెల్లగా కాలిపోతాయి, కాబట్టి ఎక్స్‌పోజర్‌ని 0.3 నుంచి 0.7 స్టాపు దాకా తగ్గించి తీయండి (ఒక స్టాపు తగ్గిస్తే వెలుతురు సగమవుతుంది, పెంచితే రెట్టింపు). మబ్బు రోజున తెల్ల సున్నం మాత్రం బూడిద రంగులో వస్తుంది, ఎందుకంటే కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ ప్రతిదాన్నీ మధ్యస్థంగా చేయాలని చూస్తుంది. అప్పుడు 0.7 నుంచి 1 దాకా పెంచాలి.

ఆరో మెట్టు: రాయిది ఒక దారి, ఇత్తడిది ఒక దారి

హైదరాబాద్‌లో టెక్స్చర్ నేర్చుకోవాలంటే గ్రానైట్‌తో మొదలుపెట్టండి. ఖాజాగూడ గుట్టల మీద, కేబీఆర్ పార్కులో, చాలా కాలనీల్లో ఇళ్ల మధ్యన మిగిలిపోయిన బండలు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటివి. ఒక బండకి జానెడు దూరంలో ముఖం పెట్టి చూడండి. గులాబీ రంగు పలకలు ఫెల్డ్‌స్పార్. గాజులా బూడిద రంగులో ఉన్నవి క్వార్ట్జ్. నల్లగా ఉండి, మీరు తల తిప్పినప్పుడల్లా మినుక్కుమనేవి అభ్రకం పొరలు. వీటిలో ఒక్కోదానికీ వెలుతురు ఒక్కోలా తగులుతుంది. ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు రవ్వలు లేచి కనిపిస్తాయి. వాన పడి ఆగాక అదే బండ వేరే బండైపోతుంది: నీటి పొర గరుకుని పూడ్చేసి, పైన చెదిరే కాంతిని తగ్గిస్తుంది, గులాబీ ముదురుతుంది. అప్పుడు రంగు తీయండి, గరుకు దొరకదు. తడి రాతి మీద ఆకాశం తెల్లటి మరకలా మెరుస్తుంటే పోలరైజర్ ఫిల్టర్ (లెన్సు ముందు పెట్టే, మెరుపు తగ్గించే గాజు) తిప్పితే తగ్గుతుంది. అది ఎదురుగా నిలబడి తీస్తే పెద్దగా పనిచేయదు, రాతి పైభాగానికి సుమారు 35 డిగ్రీల ఏటవాలుగా చూసినప్పుడే బాగా పనిచేస్తుంది. వెలుతురు ఒకటిన్నర నుంచి రెండు స్టాపులు తగ్గుతుందని గుర్తుంచుకోండి. తడి గుట్టల మీదికి ఒంటరిగా మాత్రం వెళ్లకండి.

చాలా బండల మీద వరసగా చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. రాయిని చీల్చడానికి మేకులు దిగ్గొట్టిన గుర్తులు అవి. గుంట లోపల మెత్తటి నీడ, అంచున పగిలిన రవ్వల మెరుపు, పక్కనే ఎవరూ ముట్టుకోని నున్నటి గుట్ట ఒళ్లు. ఈ మూడూ ఒకే ఫ్రేములో పడితే ఆ రాయి కథ తెలుస్తుంది. గోల్కొండ కోట గోడల్లో కూడా ఒకే గ్రానైట్‌ని చెక్కీ చెక్కకుండా పేర్చినవి, నున్నగా చెక్కినవి పక్కపక్కనే దొరుకుతాయి. ఫతే దర్వాజా తలుపుల మీది ఇనుప మొనలు కూడా చూడండి, ఏనుగులు పొడవకుండా పెట్టినవి. ఏటవాలు ఎండలో ఒక్కో మొన దాని పొడవుకి నాలుగింతల నీడ వేస్తుంది. నున్నటి, ఒద్దికైన గులాబీ గ్రానైట్ కావాలంటే 1939లో ప్రారంభమైన ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ఉంది.

గచ్చు అంతకంటే సున్నితం. 1591 నాటి చార్మినార్ మీది పూలూ తీగలూ, సంతోష్‌నగర్ దగ్గర పైగా సమాధుల జాలీలు, కుతుబ్‌షాహీ సమాధుల అంచులు అన్నీ సున్నపు పనే. సున్నం పాలరాయిలా మెరవదు, వెలుతురుని మెత్తగా పీల్చుకుని వదులుతుంది. గట్టి ఎండలో దాని మెత్తదనం పోయి ప్లాస్టిక్ బొమ్మలా వస్తుంది. నాకు నచ్చేది పల్చటి మబ్బు కమ్మిన రోజు, లేదా పక్కనున్న ఎండ గోడ నుంచి తిరిగొచ్చే వెలుతురు. కుతుబ్‌షాహీ సమాధుల పునరుద్ధరణలో 20వ శతాబ్దంలో పూసిన సిమెంటు తీసేసి మళ్లీ సున్నపు గచ్చే వేశారు. సిమెంటు మిగిలిన పాత గోడ ఎక్కడైనా కనిపిస్తే రెండింటినీ ఒకే వెలుతురులో తీసి పక్కపక్కన పెట్టి చూడండి. సిమెంటు ఒకేలా బూడిదగా నిర్జీవంగా ఉంటుంది, సున్నంలో చెయ్యి తిరిగిన గుర్తులు తెలుస్తాయి. చార్మినార్, గోల్కొండ పురావస్తు శాఖ కింద ఉన్నాయి, అక్కడ ట్రైపాడ్ వాడాలంటే ముందు అనుమతి తీసుకోవాలి. సమాధుల మీద కూర్చోవడం, సామాను పెట్టడం చేయకండి.

బేగంబజార్ ఇత్తడి పాత్రల దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. మెరిసే లోహం మీద మీరు తీసేది లోహాన్ని కాదు, దానిలో కనిపించే చుట్టుపక్కలని. సుత్తి దెబ్బలతో గుంటలు పడ్డ బిందెలో ఒక్కో గుంట ఒక చిన్న అద్దం. ఎర్ర చొక్కా వేసుకుని వెళ్తే బిందె అంతా ఎర్ర చుక్కలే. నల్ల, బూడిద రంగు బట్టలు వేసుకోండి. ఒక పక్క తెల్ల థర్మకోల్ అట్ట, ఇంకో పక్క నల్ల గుడ్డ పెడితే గుంటల ఆకారం విడివిడిగా తెలుస్తుంది. పోలరైజర్ లోహపు మెరుపు మీద పెద్దగా పనిచేయదు, దానికోసం డబ్బులు ఖర్చు పెట్టకండి. షాపు వాళ్లని ముందే అడగండి. "అన్నా, ఈ బిందె ఒకటి ఫొటో తీసుకోవచ్చా?" అంటే కాదనేవాళ్లు తక్కువ. పని వేళల్లో దారికి అడ్డం నిలబడకపోతే చాలు.

లాడ్ బజార్ లక్క గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాటి మీది రాళ్లు నేరుగా లైటు పడితే తెల్లటి చుక్కలైపోతాయి. దుకాణం ముందు పరదా నీడలో తీయండి. రాళ్ల మధ్యలో లక్క ఎక్కడ మెత్తగా ఒత్తుకుని వాటిని పట్టుకుందో అక్కడ ఫోకస్ పెట్టండి.

చీరలకి కిటికీ పక్క వెలుతురు చాలు. సన్నటి నేత ఫొటోలో అలలు అలలుగా, ఇంద్రధనుస్సు రంగులతో కనిపిస్తే అది మోయిరే అనే లోపం. కాస్త దూరం మార్చినా, కోణం మార్చినా పోతుంది.

ఏడో మెట్టు: ఫ్రేములో ఏం ఉండాలి

గోడ మొత్తం ఒకేలా ఉంటే చూసేవాళ్ల కన్ను ఎక్కడా ఆగదు. ఎక్కడో ఒక చోట తేడా ఉండాలి: పెచ్చు ఊడిన అంచు, తుప్పు కారిన గీత, బీటలోంచి మొలిచిన రావి మొక్క. ఆ తేడాని మధ్యలో కాకుండా పక్కకి పెట్టి, మిగిలిన గరుకుకి చోటివ్వండి. సైజు తెలియాలంటే ఒక వేపాకు, ఒక చీమ చాలు. అయితే ఆకుని మీరే తెచ్చి పెట్టకండి, పెట్టింది తెలిసిపోతుంది. ఒకే చోట మూడు దూరాల్లో తీయడం అలవాటు చేసుకోండి: రెండు మీటర్లు, అర మీటరు, జానెడు. ఇంటికొచ్చాక మీరు అనుకోనిదే బాగుందని తేలుతుంది.

ఎనిమిదో మెట్టు: ఎడిటింగ్‌లో చెయ్యి తేలిగ్గా

లైట్‌రూమ్‌లో టెక్స్చర్, క్లారిటీ అని రెండు స్లైడర్లు ఉంటాయి. 2019లో వచ్చిన టెక్స్చర్ స్లైడర్ మధ్యస్థ సైజు వివరాలని లేపుతుంది, క్లారిటీ పెద్ద పెద్ద భాగాల మధ్య తేడా పెంచుతుంది. గోడలకి మొదటిది వాడండి, అదీ 20 దాటకుండా. స్నాప్‌సీడ్‌లో అయితే డీటెయిల్స్ కింద ఉన్న స్ట్రక్చర్. వాటిని లాగేకొద్దీ ప్రతి రవ్వ చుట్టూ తెల్లటి గీత వస్తుంది, అది కనిపించగానే సగానికి తగ్గించండి. ఫొటోని 100 శాతం జూమ్ చేసి చూడకుండా ఏ స్లైడరూ ఖరారు చేయకండి.

గ్రానైట్‌ని నలుపు తెలుపులోకి మార్చేటప్పుడు ఎరుపు, నారింజ చానళ్లు పెంచితే ఫెల్డ్‌స్పార్ తెల్లబడి అభ్రకం నుంచి విడిపోతుంది. ప్రింట్ వేయించుకుంటే మ్యాట్ కాగితం అడగండి, నిగనిగలాడే కాగితం మీద గోడకి తన గరుకు పోయి కాగితం మెరుపు వస్తుంది.

చివరగా, ప్రతి మంచి ఫొటో పక్కన గోడ దిక్కు, తేదీ, టైం, నీడ ఎన్ని రెట్లుందో రాసి పెట్టుకోండి. నా పుస్తకంలో లాల్‌దర్వాజా పేజీ ఇలా ఉంది: తూర్పు ముఖం, ఫిబ్రవరి రెండో ఆదివారం, 11:35, నీడ నాలుగు రెట్లు, సజ్జ లేదు, ఇంటావిడని అడిగి తీయాలి.